కిరసనాయిలు పీపా నుండి పెట్రోలు బంకు దాకా

పెట్రోలు బంకులో బండి ఆపి మూత తీయగానే మన కళ్ళు ఎక్కడికి పోతాయి? పోసే కుర్రవాని ముఖం వైపు కాదు, మీటరు వైపు. సున్నా చూపించాడా, అంకెలు మరీ గబగబ పరుగెత్తడం లేదు గదా, చెప్పిన రూపాయల దగ్గర సరిగ్గా ఆగినదా అన్నదే మన ధ్యాస. హన్మకొండ చౌరస్తాలో స్కూటరు మీద తిరిగే ఉద్యోగి అయినా, నర్సంపేట దారిలో ట్రాక్టరుకు డీజిలు పోయించుకొనే రైతు అయినా ఇందులో తేడా లేదు. పాలు కొంటే చెంబులో కనబడతాయి. బియ్యం కొంటే గుప్పిట్లోకి తీసుకొని చూస్తాము. పెట్రోలు ఒక్కటే భూమిలోపలి నుండి వచ్చి, నల్లని గొట్టంలో నుండి పోయి, టాంకులో మాయమవుతుంది. డబ్బు ఇచ్చి కొన్న సరుకును మనం కళ్ళతో చూడనే చూడము.

ఈ అనుమానం మనతో మొదలైనది కాదు. నూట ముప్పై ఏళ్ళకు పైబడిన పెట్రోలు పంపు చరిత్ర అంతా ఒక విధంగా ఈ అనుమానం చరిత్రే. కొనేవాడు నమ్మడం లేదని అమ్మేవాడు ఒక కొత్త పంపు తెచ్చాడు. దానిలోనూ లొసుగు కనిపెడితే ఇంకొకటి వచ్చింది. పాఠకులలో చాలామంది ఇండ్లలో ఇప్పుడు ఒక మోటారు సైకిలైనా ఉన్నది కాబట్టి, ఈ సంగతులు కొంచెం వివరంగా చెప్పుకుందాము.

వెన్న పక్కన కిరసనాయిలు

పెట్రోలు పంపు పుట్టినప్పుడు పెట్రోలు కోసం పుట్టలేదు. అది పుట్టినది కిరసనాయిలు కోసం. మన తెలంగాణ పల్లెలలో పెద్దవాళ్ళు గ్యాసునూనె అనేవారు, అదే.

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, టైటస్‌విల్ అనే ఊరి దగ్గర ఎడ్విన్ డ్రేక్ అనే ఆయన భూమిలోకి సుమారు 69 అడుగుల లోతు బోరు వేసి ముడి నూనె తీశాడు. ఆ రోజులలో మోటారు బండ్లు లేవు. లోకానికి కావలసినది దీపాలలోకి నూనె. ముడి నూనెను కాచి బట్టీ పెడితే ముందుగా ఆవిరై వచ్చేది పలుచని పెట్రోలు, ఆ తరువాత వచ్చేది కిరసనాయిలు. కిరసనాయిలు అమ్ముకొని, పెట్రోలును ఏం చేయాలో తెలియక వాగులలో పారబోసినవారు కూడా ఉన్నారు. ఈనాడు లీటరుకు నూరు రూపాయలు పైబడి పెడుతున్న సరుకు ఒకప్పుడు పారబోసిన చెత్త అంటే నమ్మబుద్ధి కాదు.

పారబోసినా ఒక విధంగా నయమే. కొందరు ఆశపోతులు దానిని కిరసనాయిలులోనే కలిపి అమ్మారు. పెట్రోలు ఆవిరి సున్నా కంటే ఎంతో కింద, మైనస్ 40 డిగ్రీల చల్లదనంలో కూడా నిప్పు అందుకుంటుంది. మంచి కిరసనాయిలు ఆవిరికి నిప్పు అంటుకోవాలంటే కనీసం 35 డిగ్రీలు వేడెక్కాలి. పెట్రోలు కలిసిన కిరసనాయిలును దీపంలో పోస్తే ఆ దీపం ఇంట్లో పెట్టుకున్న బాంబే. అమెరికాలో ఆ రోజులలో దీపాలు పేలి ఎందరో చనిపోయారు, ముఖ్యంగా ఆడవారు, పిల్లలు. 1870లో రాక్‌ఫెల్లర్ తన కంపెనీకి 'స్టాండర్డ్ ఆయిల్' అని పేరు పెట్టుకోవడం వెనుక ఉన్నది ఈ భయమే. మా నూనె అంతటా ఒకే నాణ్యత, పేలదు అని జనానికి చెప్పుకోవడమన్న మాట.

ఇక పంపు సంగతి. అమెరికాలోనే ఇండియానా రాష్ట్రంలో ఫోర్ట్ వేన్ అనే పట్టణం ఉన్నది. అక్కడి కిరాణా కొట్లలో కిరసనాయిలు పీపా ఒక మూలన ఉండేది. వచ్చినవారికి గరిటెతోనో ముంతతోనో తోడి పోసేవారు. చేతులకు కంపు, నేలంతా జిడ్డు. జేక్ గంపర్ అనే కొట్టు యజమాని దగ్గర కిరసనాయిలు పీపా కారి పక్కనున్న వెన్న పాడైపోయేదట. ఆయన కోసం సిల్వానస్ బౌసర్ అనే మనిషి ఒక పీపాకు చెక్క ముషలకం, రెండు గోళీలు కవాటాలుగా అమర్చి చేతితో కొట్టే పంపు తయారు చేశాడు. పిడి ఎత్తి దించితే కొలత ప్రకారం నూనె పైకి వస్తుంది. అది 1885 సెప్టెంబరు 5న అమ్ముడు పోయింది. మన ఊళ్ళలోని చేతిపంపు సూత్రమే తప్ప అందులో మరేమీ లేదు.

బౌసర్ ఇరవై ఏళ్ళ తరువాత, 1905లో, ఆ పంపునే మోటారు బండ్ల కోసం మార్చాడు. ఇనుప టాంకు, దానిపై చెక్క పెట్టె, చేతి పంపు, బండి దాకా చాచగలిగిన రబ్బరు గొట్టం. ఆయన పేరు ఇప్పటికీ నిలిచి ఉన్నది. ఆస్ట్రేలియాలో పెట్రోలు పంపునే 'బౌసర్' అంటారు. మన దగ్గర విమానాలకు నూనె పోసే లారీని, పొలాల దగ్గరికి డీజిలు తెచ్చే బండిని బౌజర్ అంటున్నారు గదా, ఆ మాట ఈయన ఇంటిపేరే.

మందుల షాపులో పెట్రోలు

మరి పంపులు రాకముందు మోటారు బండికి నూనె ఎక్కడ దొరికేది? ఈ ప్రశ్నకు జవాబు ఒక తల్లి చేసిన ప్రయాణంలో ఉన్నది.

జర్మనీలో కార్ల్ బెంజ్ మోటారు బండి తయారు చేశాడు గాని, కొనేవారు రాలేదు. గుర్రం లేని బండిని చూసి జనం నవ్వుకున్నారు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, కొడుకులు యూజెన్, రిచర్డ్‌లను ఎక్కించుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. సుమారు 106 కిలోమీటర్లు. మన లెక్కలో వరంగల్ నుండి బయలుదేరి భువనగిరి దాకా పోయినట్లు. అంత దూరం మోటారు బండిలో అంతకు ముందు ఎవరూ పోలేదు. నూనె గొట్టంలో నలుసు అడ్డుపడితే తలపాగా టోపీ సూదితో పొడిచి తీసింది. తీగెకు తొడుగు అరిగిపోతే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే దారిలో ఒక చెప్పులు కుట్టేవానితో తోలు వేయించింది. గుట్టలు ఎక్కలేనప్పుడు పిల్లలు దిగి తోశారు.

దారిలో నూనె అయిపోయింది. వీస్‌లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపు ముందు బండి ఆపి, లిగ్రాయిన్ అనే పలుచని ద్రవం ఉన్నంతా ఇమ్మని అడిగింది. బట్టల మీద మరకలు పోగొట్టడానికి చిన్న సీసాలలో అమ్మే సరుకు అది. షాపు యజమాని విల్లీ ఒకెల్ తన దగ్గర ఉన్నది ఇచ్చాడు. అందుచేత ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు ఆ మందుల షాపే అంటారు. దాని ముందు ఇప్పుడు ఒక స్మారకం ఉన్నది. ఆ తల్లి చేసిన ప్రయాణం వలన బండికి పేరు వచ్చింది, అమ్మకాలు మొదలైనవి. భర్త పేరు కార్ల మీద ప్రపంచమంతా తిరుగుతున్నది. ఆమె పేరు మాత్రం చాలామంది వినలేదు.

తరువాత అమెరికాలో 1905లో సెయింట్ లూయిస్ నగరంలో ఇద్దరు వ్యాపారులు ఎత్తయిన దిమ్మె మీద టాంకు పెట్టి, తోటకు నీళ్ళు పెట్టే గొట్టంతో కార్లకు పెట్రోలు దించారు. ఇది పంపు కూడా కాదు, పై నుండి కిందికి జారడమే. 1913 డిసెంబరు 1న పిట్స్‌బర్గ్‌లో గల్ఫ్ కంపెనీ కారు నేరుగా లోపలికి వచ్చి ఆగేటట్లు ఒక బంకు కట్టింది. మొదటి రోజు అమ్మినది 30 గాలన్లు, గాలన్ 27 సెంట్లు. చక్రాలకు గాలి, ఇంజనుకు నీళ్ళు ఉచితం. ఈనాడు మన బంకులలో ఉచితంగా గాలి పట్టే ఏర్పాటు ఉండాలన్న నియమానికి మూలపురుషుడు ఆ బంకే అనుకోవచ్చు. మన దగ్గర ఆ గాలి మిషను ముందు 'రిపేరులో ఉన్నది' అన్న అట్టముక్క వేలాడుతూ ఉండడం మాత్రం మనం చేర్చుకున్నదే.

డబ్బాలలో వచ్చిన నూనె

మన దేశానికి ముందుగా వచ్చినది కిరసనాయిలే. 1886లో గ్లాస్గో నగరంలో ఏర్పడిన బర్మా ఆయిల్ కంపెనీ, రంగూన్ దగ్గర సిరియంలో నూనె శుద్ధి చేసి ఓడలలో తూర్పు తీరానికి పంపేది. తెలుగువారు రంగం అని పిలిచింది ఈ రంగూన్‌నే. కోస్తా జిల్లాల నుండి వేలాది మంది కూలీలు కాకినాడలో ఓడ ఎక్కి ఆ రేవులో, మిల్లులలో పని చేయడానికి పోయినవారే. అస్సాంలో డిగ్‌బోయ్ దగ్గర 1889లో నూనె పడింది, 1901లో అక్కడ శుద్ధి కర్మాగారం మొదలైంది. అది ఇప్పటికీ నడుస్తున్నది.

నూనె ఊళ్ళకు చేరినది నాలుగు గాలన్ల రేకు డబ్బాలలో. రైలు మీద, ఎడ్ల బండి మీద, పడవ మీద. డబ్బా ఖాళీ అయితే దాని అసలు బ్రతుకు అప్పుడు మొదలయ్యేది. పైభాగం కోసి, అడ్డంగా కర్ర బిగించి నీళ్ళ డబ్బా చేసేవారు. కావడికి రెండు వైపులా అవే. గింజలు పోసుకొనేది అందులోనే. కోసి పరిస్తే పూరింటి చూరుకు, కోళ్ళ గూటికి రేకు. మా పెద్దలు కొలత చెప్పేటప్పుడు 'డబ్బెడు' అనేవారు, అంటే సుమారు 18 లీటర్లు. ఆ కొలతకు మూలం ఈ కిరసనాయిలు డబ్బాయే.

మోటారు కార్లు వచ్చిన తరువాత పెట్రోలు కూడా డబ్బాలలోనే వచ్చింది. ఇంగ్లండులో రెండు గాలన్ల డబ్బాలు వాడేవారు. కారు వెనుక కట్టుకొని పోయి, గరాటు పెట్టి, పలుచని బట్టలో వడగట్టి పోసుకొనేవారు. ఇంగ్లండులోనే మొదటి బంకు 1920లో ఆల్డర్‌మాస్టన్ అనే ఊరి దగ్గర వచ్చింది. మన దేశంలో బంకులు తరువాత వచ్చినవి. 1928లో బర్మా షెల్ కంపెనీ ఏర్పడిన తరువాత, 1930ల నుండి రోడ్డుకు కొంచెం లోపలికి జరిపి కట్టిన బంకులు కనబడసాగినవి.

హైదరాబాదు సంస్థానంలో మోటారు కారు ముందు నిజాం కోటలోనిదే. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్, ఆయన 1911లో మరణించిన తరువాత గాని రాలేదు. అటువంటి బండ్లకు బంకులు ఎందుకు? డబ్బాలు చాలు. సామాన్యునికి మోటారు అందినది బస్సు రూపంలోనే. 1932 జూన్ 15న నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. అవి స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు. ఒక ప్రభుత్వం సొంతంగా బస్సులు నడపడం దేశంలో ఇదే మొదలని చెబుతారు. దాని కొనసాగింపే 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ, ఇప్పటి తెలంగాణ ఆర్టీసీ. మన బస్సుల నంబరులో ఉండే 'జడ్' అక్షరం ఏడవ నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించినదని అంటారు.

బంకు అన్న మాట కూడా తమాషా అయినదే. ఇంగ్లీషు దేశంలో బంకు అంటే ఒకదాని మీద ఒకటి ఉండే పడక. దక్షిణ భారతంలో మాత్రం బంకు అంటే చిన్న చెక్క కొట్టు. కిళ్ళీ బంకు అంటాము గదా, అదే. ఉత్తరాదిన 'పెట్రోల్ పంప్' అంటే మనం 'పెట్రోలు బంకు' అంటున్నాము. వారికి మిషను కనబడింది, మనకు కొట్టు కనబడింది.

గాజు బుడ్డిలో కొలత

ఇప్పుడు మొదట చెప్పిన అనుమానం దగ్గరికి వద్దాము. తొలి పంపులలో నూనె కనబడేది కాదు. పిడి ఎన్నిసార్లు తిప్పితే అన్ని గాలన్లు అని లెక్క. లోపల గొట్టంలో గాలి చేరినా, కవాటం అరిగినా, అమ్మేవాడు పిడిని సగం తిప్పి వదిలినా కొనేవానికి తెలియదు. పైగా నీళ్ళు కలిసినవో, కిరసనాయిలు కలిసినదో చెప్పలేము. జనం గోల పెట్టారు.

దానికి జవాబుగా 1910ల నుండి వచ్చినది గాజు పంపు. నిలువెత్తు కంటే పొడవైన ఇనుప స్తంభం, దాని నెత్తిన పెద్ద గాజు గొట్టం. గాజులో గాలన్ల గీతలు. పక్కనున్న మీట అటూ ఇటూ ఊపితే భూమిలోని టాంకు నుండి పెట్రోలు గాజులోకి ఎక్కుతుంది. అడిగిన గీత దాకా నింపి, కొనేవానికి చూపించి, అప్పుడు గొట్టం విప్పితే దాని బరువుకు అదే కారులోకి దిగుతుంది. ఎంత ఉన్నదీ, ఏ రంగులో ఉన్నదీ, తేటగా ఉన్నదా మడ్డిగా ఉన్నదా అంతా కనబడుతుంది. కంపెనీలు పోటీ పడి పెట్రోలుకు ఎర్ర రంగు, నీలి రంగు కలిపి మాది చూడండి అన్నవి. మన దేశంలో కూడా రెండు గాజు బుడ్ల చేతిపంపులు చాలా కాలం నడిచినవి. ఒక బుడ్డి ఖాళీ అవుతుంటే ఇంకొకటి నిండుతుంది. పోసేవాడు చొక్కా తడిసేలా మీట ఊపుతుంటే, ఎన్ని బుడ్లు అయినవో డ్రైవరు వేళ్ళ మీద లెక్క పెట్టుకొనేవాడు.

మా అభిప్రాయం చెప్పమంటే, నమ్మకం కలిగించడంలో ఆ గాజు బుడ్డిని మించిన మిషను తరువాత రాలేదు. గాజు పగిలితే ప్రమాదం, పది గాలన్లు పోయాలంటే ఆలస్యం. అందుచేత 1920లలో గడియారం ముల్లు తిరిగే మీటరు వచ్చింది. 1930లలో ధరను కూడా తానే లెక్క కట్టే మీటరు వచ్చింది. లోపల చిన్న ముషలకాలు నూనె ఒత్తిడికి కదులుతూ, ఒక్కొక్క కదలికకు ఇంత అని కొలిచి, పళ్ళ చక్రాల ద్వారా అంకెలు తిప్పేవి. ఇప్పుడు పళ్ళ చక్రాల స్థానంలో విద్యుత్ సంకేతాలు. పనివాని భుజం నొప్పి తగ్గింది. కొనేవానికి మాత్రం సరుకు మళ్ళీ కనబడకుండా పోయింది.

బొగ్గు బస్సుల కాలం

యుద్ధం వచ్చింది. 1941లో మన దేశంలో పెట్రోలుకు రేషను పెట్టారు. 1942 మార్చి 7న, జపాను సైన్యం రంగూన్‌లో అడుగు పెట్టబోయే ముందు రోజు, శత్రువు చేతికి చిక్కకూడదని సిరియం కర్మాగారాన్ని బ్రిటిషు వారే తగులబెట్టారు. ఆ పొగను వెనుక వదిలి మనవాళ్ళు ఎందరో కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశం చేరారు. చేరనివారు కూడా చాలామంది.

పెట్రోలు లేక బస్సులు ఆగిపోకుండా బొగ్గు బస్సులు వచ్చినవి. ఇప్పుడు 80 ఏళ్ళు దాటినవారికే ఇవి జ్ఞాపకం. బస్సు వెనుక ఒక పొడవైన ఇనుప పొయ్యి. అందులో కట్టె బొగ్గు పోసి, నిప్పు రాజేసి, గాలి తక్కువగా అందేటట్లు చేస్తే బొగ్గు సరిగా కాలక ఒక విషవాయువు పుడుతుంది. ఆ వాయువు ఇంజనులో మండి బస్సు నడుస్తుంది. బయలుదేరే ముందు క్లీనరు పిడి పట్టుకొని విసనకర్ర చక్రం అరగంట తిప్పవలసిందే. ఎత్తు వచ్చిందంటే ప్రయాణికులు దిగి నడవాలి, ఒక్కొక్కసారి తోయాలి. మసి, పొగ, ఆ పొయ్యి పక్కన కూర్చున్నవారి సంగతి చెప్పనక్కరలేదు. అయినా పెళ్ళిళ్ళు ఆగలేదు, చుట్టాల రాకపోకలు ఆగలేదు.

బోర్డులు మారినవి

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన బంకుల మీద ఉన్నవి విదేశీ పేర్లే. బర్మా షెల్, స్టాన్‌వాక్ (తరువాత ఎస్సో), కాల్టెక్స్. 1957లో విశాఖపట్నంలో కాల్టెక్స్ వారి శుద్ధి కర్మాగారం మొదలైంది. తెలుగు నేల మీద అదే మొదటిది, ఏడాదికి 6.75 లక్షల టన్నుల శక్తి. 1959లో ప్రభుత్వం ఇండియన్ ఆయిల్ కంపెనీ స్థాపించింది. 1960 ఆగస్టులో రష్యా నుండి డీజిలు తెచ్చిన ఓడతో దాని వ్యాపారం మొదలు. తరువాత 1974లో ఎస్సో హిందుస్తాన్ పెట్రోలియం అయింది, 1976లో బర్మా షెల్‌ను ప్రభుత్వం తీసుకొన్నది, అదే భారత్ పెట్రోలియం. కాల్టెక్స్ కూడా అదే ఏడాది ప్రభుత్వపరమై, 1978లో హిందుస్తాన్‌లో కలిసింది. బోర్డులు ఒక్క రోజులో మారినవి గాని, పాత డ్రైవర్ల నోట 'షెల్లు బంకు' పోవడానికి ఇంకొక తరం పట్టింది. గాలన్ పోయి లీటరు రావడం కూడా అంతే. కొలతల చట్టం వచ్చినది 1956లో, అలవాటు మారినది చాలా నెమ్మదిగా.

ఇంత జరిగినా పల్లెకు బంకు రాలేదు. చాలా ఏళ్ళు బంకు అంటే పట్టణంలోదే, లేదా హైవే మీదిదే. ట్రాక్టరుకో నీళ్ళ ఇంజనుకో డీజిలు కావాలంటే డ్రమ్ము బండి మీద వేసుకొని పట్నం పోవలసిందే. దున్నకం రోజులలో ఒక పూట దానికే పోయేది. 2005 తరువాత ఇండియన్ ఆయిల్ వారి కిసాన్ సేవా కేంద్రాల వంటి చిన్న బంకులు మండలాల లోపలికి వచ్చిన తరువాతనే ఈ బాధ చాలా వరకు తీరింది. నూనె సరఫరా ఎంత సున్నితమో 2024 జనవరి 1, 2 తేదీలలో తెలిసింది. కొత్త చట్టానికి వ్యతిరేకంగా లారీ డ్రైవర్లు సమ్మె చేసేసరికి తెలంగాణ అంతటా బంకుల ముందు బారులు తీరినవి. హైదరాబాదులో ఒక యువకుడు గుర్రం ఎక్కి భోజనం పార్సిల్ ఇవ్వడానికి పోయిన బొమ్మ దేశమంతా చూసింది.

సీసాలో పెట్రోలు

బంకు దూరమైన చోట ఇంకొక వ్యాపారం పుట్టింది. ఊళ్ళో కిరాణా కొట్టు ముందు నీళ్ళ సీసాలలో పెట్రోలు. పసుపుపచ్చగా ఉంటుంది, దాహమైన పిల్లవాడు షర్బత్తు అనుకొనేటట్లు. అవసరానికి ఆదుకుంటున్నారు గదా అని మనం దానిని తప్పు పట్టము. కాని తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నవి.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. పొగలాగా పైకి పోదు, నేల మీద పాకుతుంది. మూత వదులైన సీసా మంచం కింద ఉంటే, ఆ ఆవిరి నేలబారున పాకి వంటింటి పొయ్యి దాకా పోతుంది. నిప్పు అక్కడ అందుకొని సీసా దాకా తిరిగి వస్తుంది. సీసా దగ్గర అగ్గిపుల్ల గీయలేదు గదా అనుకోవడానికి వీలు లేదు. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఒకరు ఉంచుకోగలిగినది 30 లీటర్లు, అది కూడా అమ్మడానికి కాదు. ఉంచవలసిన పాత్ర గాజు లేక పింగాణీ అయితే లీటరుకు మించకూడదు, లోహం అయితే 25 లీటర్లకు మించకూడదు, మూత గట్టిగా ఉండాలి. ప్లాస్టిక్ సీసా మాట ఆ చట్టంలో లేనే లేదు. ప్లాస్టిక్‌లో పెట్రోలు పోసేటప్పుడు రాపిడికి విద్యుత్తు పుట్టి నిప్పురవ్వ రాలే ప్రమాదం ఒకటి. 2019 నవంబరులో మన రాష్ట్రంలో జరిగిన ఘోరాల తరువాత చాలా బంకులలో సీసాలో పోయము అని బోర్డు పెట్టారు. బండి దారిలో ఆగినవానికి అది కష్టమే. అయినా ఆ బోర్డును చూసి గొడవ పడేవారిని మేము సమర్థించలేము.

కొలత సంగతి

గాజు బుడ్డి పోయిన తరువాత మోసం కూడా కొత్త వేషం వేసింది. 2020 సెప్టెంబరులో సైబరాబాదు పోలీసులు రెండు తెలుగు రాష్ట్రాలలోని కొన్ని బంకులలో మీటరు లోపల చిన్న చిప్ పెట్టి, అంకె లీటరు చూపిస్తూ సరుకు తక్కువ పోస్తున్న ముఠాను పట్టుకున్నారు. అన్ని బంకులు అటువంటివి కావు. ఎక్కువ మంది యజమానులు న్యాయంగానే నడుపుకుంటున్నారు. మన జైళ్ళ శాఖ వారు ఖైదీలతో, విడుదలైన వారితో బంకులు నడిపిస్తున్నారు. కొలత సరిగా ఉంటుందని వాటికి మంచి పేరు ఉన్నది.

జనం నమ్మే కొన్ని ఉపాయాలు మాత్రం ఉత్తవే. నూరు రూపాయలకు బదులు నూట పది రూపాయలకు పోయించుకుంటే మోసం ఉండదంటారు. చిప్ పెట్టినవాడు మీటరునే మార్చాడు గదా, ఏ అంకె చెప్పినా కోత ఒకటే. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పోయించుకుంటే ఎక్కువ వస్తుందంటారు. పెట్రోలు వేడికి వ్యాకోచించే మాట నిజమే, కాని టాంకు భూమి లోపల ఉన్నది. అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ పెద్ద తేడా రాదు.

వానాకాలంలో నీటి భయం మాత్రం ఉత్తది కాదు. వెనుకటి పెట్రోలులో నీరు చేరితే అడుగున విడిగా నిలిచేది. ఇప్పుడు మన పెట్రోలులో నూటికి 20 పాళ్ళు దాకా ఎథనాల్, అంటే చెరకు నుండి, గింజల నుండి తీసిన సారాయి వంటిది కలుపుతున్నారు. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే అది పెట్రోలును వదిలి నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. అదే బండిలోకి వస్తే ఇంజను ఆగుతుంది. అందుకే బంకువారు కొల కర్ర చివర రంగు మారే పేస్టు పూసి టాంకులో నీరు ఉన్నదా అని ప్రతి దినం చూడాలి.

అనుమానం వస్తే అడగడానికి మనకు హక్కు ఉన్నది. వడపోత కాగితం ఇమ్మని అడగవచ్చు. గొట్టం మూతి తుడిచి, దాని మీద ఒక చుక్క పెట్రోలు వేస్తే రెండు నిమిషాలలో ఆవిరైపోవాలి. మరక మిగిలితే కల్తీ ఉన్నదని అనుమానించవచ్చు. సాంద్రత కొలవమనవచ్చు. ఆ రోజు రిజిస్టరులో రాసిన అంకెకు, కొలిచిన అంకెకు మధ్య తేడా 3 కంటే మించకూడదు. కొలత మీద అనుమానం ఉంటే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల పాత్ర ప్రతి బంకులో ఉంటుంది. ఒకసారి మేము ప్రయాణంలో ఒక బంకులో అది అడిగితే, తాళం చెవి యజమాని దగ్గర ఉన్నదన్నారు. మేము నీడన కూర్చుంటామన్నాము. పది నిమిషాలలో తాళం చెవి దొరికింది. పాత్ర కడిగి, సున్నా చూపించి, మీటరు మీద 5 లీటర్లు వచ్చేదాకా పోశారు. పాత్ర మెడ దగ్గర ఒక గీత, దానికి పైన, కింద చిన్న గీతలు ఉంటాయి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను చట్టం ఒప్పుకుంటుంది. దగ్గు మందు సీసా మూతతో కొలిస్తే అది రెండున్నర మూతలు.